వేలిముద్ర పడని అమ్మ, ముఖం గుర్తుపట్టిన ఫోను: జీవన్ ప్రమాణ్‌తో నాలుగేళ్లు

ఏటా నవంబరు వస్తే, పింఛను ఆగకుండా బతికే ఉన్నట్టు చూపే లైఫ్ సర్టిఫికెట్ అమ్మకు ఇప్పించే పని నాది. నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, ఆయన పోయాక అమ్మకు ఫ్యామిలీ పింఛను వస్తోంది. ఆ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్లో ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటే జీవన్ ప్రమాణ్. అందులో ఫోన్లో ముఖం చూపించి సర్టిఫికెట్ తీసుకోవడం మాకిది నాలుగోసారి. యాప్ ఎలా వేసుకోవాలో చెప్పను, అది అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఆ ముఖం సంగతే.

అంతకుముందు వేలిముద్రల మెషిన్ ఉండేది. జీవితమంతా అంట్లు తోమి, బట్టలు ఉతికిన చేతులు, వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేలు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదటి నుంచీ, వెనక లైన్లో జనం చూస్తుండగా. ఒకసారి నా వైపు తిరిగి "నేను నేను కాదంటోందా అది?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ముఖంతో ధ్రువీకరణ 2021 నవంబరులో వచ్చింది, మేం మరుసటి ఏడాది మొదలుపెట్టాం. ముందు ఆపరేటరుగా, అంటే ఫోన్లో పని చేసిపెట్టే మనిషిగా, నా ముఖం, తర్వాత అమ్మది. నాకు నమ్మకం లేదు, ఎందుకంటే ఆధార్‌లో ఉన్నది నాన్న ఉన్నప్పటి ఫొటో, అప్పటికి జుట్టు నల్లగా ఉంది, మనిషి కూడా నిండుగా ఉండేది. కళ్లార్పమంది, అమ్మ ఆర్పింది, అంతే, ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికెట్ నంబరు, మెసేజ్‌లో వచ్చేసింది. "గుర్తుపట్టిందా?" అని అమ్మ ఎంత సంబరపడిందో! ఆ ఒక్క క్షణం కోసమే ఈ యాప్ అంటే నాకు అంత ఇష్టం.

నిమిషంలో అయిపోతుందని అప్పుడు తెలిసినవాళ్లందరికీ చెప్పాను. రెండో ఏడాది కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే అరగంట గడిచినా ఫోను ముఖాన్ని పట్టలేదు, కుర్చీ వరండాలోకి జరిపి వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టాక పట్టింది. కాబట్టి నిమిషం అన్నమాట కొంచెం సవరించుకుంటున్నాను. ఫారంలో మళ్లీ పెళ్లి చేసుకున్నారా అనే ప్రశ్న కూడా ఉంటుంది, అది మాత్రం అమ్మకు చదివి వినిపించకుండా నేనే నింపేస్తాను.

అసలు దెబ్బ మూడో ఏడాది తగిలింది. ముఖం వెంటనే పట్టింది, ఐడీ వచ్చింది, పనైపోయిందనుకున్నాను. డిసెంబరు పింఛను పడలేదు. బ్యాంకుకి వెళ్తే మీ సర్టిఫికెట్ మాకు రాలేదన్నారు, నేను ఫోన్లో ఐడీ చూపించినా అది మాకు సంబంధం లేదన్నారు, అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది, మనిషి ఎదురుగా ఉన్నా ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఇంటికొచ్చి పాత కాగితాలు ముందేసుకుని చూస్తే తేలింది, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరులో ఒక అంకె నేనే తప్పు కొట్టాను. ఐడీ వచ్చిందంటే మనిషిని గుర్తుపట్టిందని మాత్రమే, పింఛను ఇచ్చేవాళ్లు ఒప్పుకున్నారని కాదు. ఆ తేడా నాకు అంతవరకూ తెలియదు. మళ్లీ చేశాం, ఆగిన డబ్బు తర్వాత కలిపి వేశారు, కానీ ఆ మధ్య రోజుల టెన్షన్ అమ్మ మందుల డబ్బాల మీద పడింది. ఈసారి ఐడీతో సర్టిఫికెట్ పీడీఎఫ్ దింపుకుని పీపీఓ కాగితం పక్కన పెట్టి అంకె అంకె సరిచూశాను.

మాకైతే ఇదే మేలు, ఇంట్లో నేనున్నాను కాబట్టి, మంచి కెమెరా ఉన్న ఫోను ఉంది కాబట్టి. ఒంటరిగా ఉండే మా పిన్నికి ఈ యాప్ చూసుకో అని చెప్పలేకపోయాను. పోస్టుమ్యాన్‌ని ఇంటికి పిలిపించుకుంటే ఆయనే చేసి పెడతారని చెప్పాను, పీపీఓ కాగితం మాత్రం చేతిలో పట్టుకుని కూర్చోమన్నాను.