ఓటింగ్ అవార్డులు, డబ్బిచ్చి వేయించుకునే కథనాలు: ఏళ్ల తరబడి వాడాక మా అంచనా

'ప్రజలు మెచ్చిన నంబర్ వన్', 'ఈ ఏటి ఉత్తమ సంస్థ' లాంటి ఆన్‌లైన్ ఓటింగ్ అవార్డులను, వాటి వెనకాలే వచ్చే పెయిడ్ కథనాలను సంస్థల తరఫున ఏళ్లుగా వాడుతున్నాం. ఓటింగ్ ప్రచారాలు నడిపాం, బ్యాడ్జీలు వెబ్‌సైట్లలో పెట్టించాం, ఆ తర్వాత ఎంకైరీల లెక్క తీశాం. అందుకే తీర్పు ముందే చెబుతున్నాం. పని నాణ్యతకు కొలమానంగా ఐదుకు ఒక్క మార్కు. ప్రచార సాధనంగా రెండున్నర. చదివేవాళ్లు ఆ రెండో దాన్ని మొదటిదనుకుని మోసపోతున్నారన్నదే మా అసలు అభ్యంతరం.

నడిచే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. మొదట నామినేషన్లు. ఎవరైనా ఎవరి పేరైనా ఇవ్వొచ్చు, సంస్థ తన పేరు తానే ఇచ్చుకోవచ్చు. కొద్ది రోజుల్లో 'అభినందనలు, మీరు ఫైనలిస్టు' అని మెయిల్ వస్తుంది. చాలా పోటీల్లో నామినేషన్ వచ్చిన ప్రతి సంస్థా ఫైనలిస్టే, మధ్యలో వడపోత ఏమీ ఉండదు. ఆ మెయిల్‌తోనే ఓటింగ్ లింకు, క్యూఆర్ కోడ్, సోషల్ మీడియాకు 'మాకు ఓటెయ్యండి' బొమ్మలు, కౌంటర్ మీద నిలబెట్టే కార్డు డిజైన్ వస్తాయి. ప్రచారమంతా సంస్థ తన ఖర్చుతో, తన కస్టమర్ల జాబితాతో చేస్తుంది. ఓటెయ్యడానికి ఇచ్చిన మెయిల్ ఐడీలు, ఫోన్ నంబర్లు మాత్రం నిర్వాహకుల డేటాబేసులో చేరతాయి. ప్రైవసీ పాలసీలో 'మా భాగస్వాములతో పంచుకోవచ్చు' అన్న వాక్యం ఉందేమో చూడకుండా ఆ లింకు కస్టమర్లకు పంపకండి. ఆ తర్వాత వాళ్లకు వచ్చే మార్కెటింగ్ కాల్స్‌కు తిట్లు తినేది మీరే.

ఇక ఓటు లెక్క. 'రోజుకో ఓటు' అన్న నిబంధన పైకి అమాయకంగా కనిపిస్తుంది కానీ ఫలితాన్ని తలకిందులు చేసేది అదే. ఉదాహరణకు 40 మంది సిబ్బంది ఉన్న సంస్థ, 30 రోజుల ఓటింగ్. ఆఫీసుకు రాగానే తలా ఒక ఓటు వేస్తే నెలకు 1,200. ఇంట్లో ఇద్దరేసి చేత కూడా వేయిస్తే 3,600. పక్కన ఆరుగురు పనిచేసే ఇంకో సంస్థ ఉంది. దానికి 500 మంది నికార్సయిన కస్టమర్లు ఒక్కోసారి ఓటేశారు. మొదటి సంస్థకు ఓటేసిన మనుషులు 120, అదీ సొంత మనుషులే. అయినా అది ఏడు రెట్ల ఆధిక్యంతో గెలుస్తుంది. ఫలితాల పేజీలో 'లక్షల ఓట్లు పోలయ్యాయి' అని ఉంటుంది తప్ప ఎంతమంది ఓటేశారో ఉండదు. నిర్వాహకులను అడగాల్సిన మొదటి సంఖ్య అదే: మీ విభాగంలో వేర్వేరు ఓటర్లు ఎందరు?

మనిషికి ఒక్కటే ఓటు అన్నా చిక్కు పూర్తిగా తీరదు. 20,000 మంది కస్టమర్లున్న చోట నూటికి ముగ్గురు ఓటేసినా 600. 300 మందే ఉన్నచోట నూటికి అరవై మంది కదిలొచ్చినా 180. పైగా వ్యతిరేక ఓటు ఉండదు. సేవ బాగోలేక వెళ్లిపోయిన కస్టమర్ ఆ పేజీలో ఎక్కడా కనిపించడు. ఎంతమందిలో ఎంతమంది అన్నది తెలియని సంఖ్య పరిమాణాన్ని చెబుతుందే గానీ నాణ్యతను చెప్పదు.

దొంగ ఓట్లు ఆపే ఏర్పాట్లు ఎంతవరకు పనిచేస్తాయో కూడా చూద్దాం. కుకీ (బ్రౌజర్‌లో సైటు దాచే గుర్తు) ఆధారంగా ఆపితే, ఆ గుర్తు లేకుండా తెరుచుకునే ఇన్‌కాగ్నిటో విండో చాలు. ఐపీ అడ్రసుకు (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామాకు) ఒక్క ఓటు అంటే అది తప్పు మనుషులనే ఆపుతుంది: మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే పబ్లిక్ ఐపీ వెనక వేలమంది ఉంటారు, ఒక ఆఫీసు మొత్తం ఒకే ఐపీ మీద ఉంటుంది, వేరే చిరునామా నుంచి వచ్చినట్టు చూపించే ప్రాక్సీలు అద్దెకు తీసుకున్నవాడికి మాత్రం అడ్డే లేదు. మెయిల్ నిర్ధారణ కాస్త నయం. కానీ జీమెయిల్‌లో పేరు మధ్య చుక్కలు పెట్టినా, ప్లస్ గుర్తు తర్వాత ఏదైనా చేర్చినా ఉత్తరం అదే ఇన్‌బాక్సుకు చేరుతుంది, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అవి వేర్వేరు ఐడీలు. సొంత డొమైన్ ఉన్నవాడు క్యాచ్‌ఆల్ (ఆ డొమైన్‌లో ఏ పేరుతో వచ్చిన మెయిలైనా ఒకే ఇన్‌బాక్సుకు చేర్చే ఏర్పాటు) పెట్టుకుంటే ఎన్ని ఐడీలైనా పుట్టిస్తాడు. 'మీరు మనిషేనా' అని పరీక్షించే క్యాప్చాలు విప్పిపెట్టే సేవలు డబ్బుకు దొరుకుతాయి. ఫోనుకు ఓటీపీ పంపడం వీటన్నిటికంటే గట్టిది, కానీ ఖర్చు పెరుగుతుంది, ఓటర్లు సగంలో వదిలేసి వెళ్లిపోతారు. ఓట్ల సంఖ్యను చూపించి స్పాన్సర్లను తెచ్చుకునే నిర్వాహకులకు అది ఇష్టం ఉండదు.

నిజంగా శుభ్రం చేయాలనుకుంటే లాగ్ (ఏ ఓటు ఎప్పుడు, ఎక్కడినుంచి పడిందో సర్వర్ రాసుకునే చిట్టా) చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మనుషుల ఓట్లు పగలు పెరిగి రాత్రి తగ్గుతాయి, పోస్టు పెట్టిన గంటలో ఒక ఎత్తు లేచి నెమ్మదిగా దిగుతాయి. యంత్రం ఓట్లు అర్ధరాత్రి కూడా సమాన వ్యవధితో పడుతుంటాయి, ఒకే బ్రౌజర్ వెర్షన్ నుంచి, వరస అంకెలున్న మెయిల్ ఐడీలతో వస్తాయి. చూడడం కష్టం కాదు. కానీ తీసేస్తే రేపు ప్రకటన కొనబోయే సంస్థకు కోపం వస్తుంది. ఓట్లను తనిఖీ చేసేవాళ్లు, ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఒకే జట్టయిన చోట తనిఖీ మొక్కుబడిగానే సాగుతుంది. పెద్ద పత్రికలకూ ఇది తప్పలేదు. 2009లో అత్యంత ప్రభావశీలురెవరని టైమ్ పత్రిక పెట్టిన ఆన్‌లైన్ పోల్‌ను ఫోర్‌చాన్ అనే చర్చా సైటు వాడుకరులు ఎంతగా శాసించారంటే, తమ సైటు వ్యవస్థాపకుణ్ణి మొదటి స్థానంలో నిలపడమే కాదు, మొదటి 21 పేర్ల తొలి అక్షరాలు కలిపి చదివితే తమకు కావలసిన మాటలు వచ్చేలా వరసను పేర్చారు.

దొంగ ఓటు ఒక్కటీ లేకపోయినా ఎవరికెన్ని ఓట్లో ఎప్పటికప్పుడు చూపించే లైవ్ లీడర్‌బోర్డు ఉంటే ఫలితం వంకరపోతుంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో, ఒక వార్తా వేదికలోని వ్యాఖ్యలకు పరిశోధకులు మొదట్లోనే ఒక్క కృత్రిమ అనుకూల ఓటు కలిపారు. వాటి తుది స్కోరు సగటున 25 శాతం పెరిగింది. అదే పత్రికలో 2006లో వచ్చిన పాటల ప్రయోగంలో 14,000 మందికి పైగా పాల్గొన్నారు. ఇతరులు ఏం డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా వేర్వేరు గుంపులుగా విడదీస్తే ఒక్కో గుంపులో ఒక్కో పాట పైకొచ్చింది. మరీ మంచివి అట్టడుగుకు పోవడం, మరీ చెడ్డవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటి స్థానం మాత్రం చాలావరకు తొలి ఊపు నిర్ణయించింది. వ్యాపారాల్లో ఎక్కువ భాగం ఆ మధ్యలోనే ఉంటాయి. మొదటి రెండు రోజుల్లోనే ఓట్లు దంచండని ప్రచార ఏజెన్సీలు తొందరపెట్టేది ఇందుకే.

విభాగాలు ఏటా ఎందుకు పెరుగుతాయో కూడా లెక్కలోనే ఉంది. విభాగానికి గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ చొప్పున 120 విభాగాలుంటే 360 మంది 'విజేతలు', అంటే 360 మంది ప్యాకేజీ కొనగలవాళ్లు. ఒక విభాగాన్ని నాలుగుగా చీలిస్తే ఇంకో తొమ్మిది మంది కలుస్తారు. మీ విభాగంలో ముగ్గురే పోటీదార్లు ఉండి ముగ్గురికీ పతకం వచ్చిందంటే అక్కడ పోటీ జరగలేదు.

గెలిచాక వచ్చే రెండో మెయిల్‌ను జాగ్రత్తగా చదవాలి. బ్యాడ్జీ వాడుకునే లైసెన్సు, ఫలకం, అద్దానికి అంటించే స్టిక్కరు, ప్రత్యేక సంచికలో పేజీ, విందులో టేబుల్ అన్నీ విడివిడి ధరలతో ఉంటాయి. వెబ్‌సైట్‌లో పెట్టమని ఇచ్చే బ్యాడ్జీ కోడ్‌లో చాలాసార్లు నిర్వాహకుల సైటుకు లింకు దాగి ఉంటుంది. వందల మంది విజేతలు ఆ కోడ్ అతికిస్తే సెర్చ్‌లో పైకెక్కేది అవార్డు సైటు. ఇలా విడ్జెట్ల (వేరే సైట్లలో అతికించే కోడ్ ముక్కల) ద్వారా కీవర్డులతో పంచే లింకులను గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో చేర్చింది. కోడ్ వద్దని చెప్పి బొమ్మ మాత్రమే తీసుకోండి, లేదా లింకుకు నోఫాలో (దీన్ని సిఫార్సుగా లెక్కించవద్దని సెర్చ్ ఇంజన్‌కు చెప్పే గుర్తు) పెట్టండి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. డబ్బు చేతులు మారినంత మాత్రాన ర్యాంకింగ్ అబద్ధం కాదు. వినియోగదారుల సర్వేలు చేసే అమెరికా సంస్థ జె.డి. పవర్ అవార్డును ప్రకటనల్లో వాడుకోవాలంటే సంస్థలు ఫీజు కట్టాలి, కానీ ర్యాంకులు ఆ సర్వేల నుంచి వస్తాయి. బ్రిటన్‌లో వస్తువులను పరీక్షించే 'విచ్?' అనే వినియోగదారుల సంస్థ కూడా 'బెస్ట్ బై' లోగోకు లైసెన్సు రుసుము తీసుకుంటుంది, ఎంపిక మాత్రం పరీక్షల మీద ఆధారపడుతుంది. అమెరికాలో 1936 నుంచి ఉన్న కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ ఇంకో అడుగు ముందుకేసి ప్రకటనలే తీసుకోదు, పరీక్షించే వస్తువులను మామూలు కొనుగోలుదారులాగే కొంటుంది. కాబట్టి ప్రశ్న 'డబ్బు తీసుకున్నారా' అన్నది కాదు. డబ్బు కట్టనివాడు గెలవగలడా, కట్టినవాడు ఓడిపోగలడా అన్నది. 2008లో వైన్, ఆహార రచయిత రాబిన్ గోల్డ్‌స్టీన్ ఆ రెండోదాన్నే పరీక్షించాడు. మిలాన్‌లో లేని రెస్టారెంటుకు పేరు పెట్టి, వైన్ జాబితా రాసి, 250 డాలర్ల ఎంట్రీ ఫీజుతో వైన్ స్పెక్టేటర్ పత్రికకు పంపాడు. అవార్డ్ ఆఫ్ ఎక్సలెన్స్ వచ్చింది. ఆ జాబితాలోని ఖరీదైన విభాగంలో అదే పత్రిక గతంలో తక్కువ మార్కులు వేసిన వైన్లున్నాయి. దరఖాస్తు కాగితాన్ని తప్ప మరేదీ తనిఖీ చేయని అవార్డు ఇలాగే దొరికిపోతుంది.

పెయిడ్ కథనాల సంగతి ఇంకా సున్నితం, ఎందుకంటే అక్కడ అమ్ముడయ్యేది పత్రిక పేరు మీద పాఠకుడికున్న నమ్మకం. 'పార్ట్‌నర్ కంటెంట్', 'బ్రాండ్ డెస్క్', 'ఇంపాక్ట్ ఫీచర్', ఏటా చందా కడితే వ్యాసాలు వేసుకోనిచ్చే 'కౌన్సిల్' సభ్యత్వాలు, పేరేదైనా సరుకు ఒకటే. గుర్తుపట్టడం కష్టం కాదు. రాసినవారి పేరు బదులు 'డెస్క్' అని ఉంటుంది. పోటీ సంస్థ పేరు ఒక్కటీ రాదు. ఇబ్బందిపెట్టే ప్రశ్న ఒక్కటీ ఉండదు. కథనంలోంచి ఒక పొడవాటి వాక్యం తీసి కోట్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే, డజన్ల సైట్లలో అక్షరం మారకుండా దొరుకుతుంది. అది ప్రెస్ రిలీజ్ వైరు పంపిణీ, అంటే సంస్థ రాసిచ్చిన ప్రకటనను డబ్బు తీసుకుని ఒకేసారి అనేక సైట్లకు పంపే సేవ. పేజీ అడుగున 'ఇందులో సంపాదక వర్గ ప్రమేయం లేదు' అన్న చిన్న అక్షరాలు ఉండొచ్చు. ఇంకా అనుమానముంటే పేజీ సోర్సు తెరిచి లింకుల దగ్గర 'స్పాన్సర్డ్' లేదా 'నోఫాలో' ఉందేమో చూడండి. 2019 సెప్టెంబరులో గూగుల్ డబ్బిచ్చిన లింకుల కోసమే ఆ మొదటి గుర్తు తెచ్చింది. అసలు పేజీకే 'నోఇండెక్స్' ఉంటే సెర్చ్‌లో అది రానే రాదు. కొన్న సంస్థకు ఆ విషయం ఎవరూ చెప్పరు.

కొన్నవాళ్లకు ఎక్కడ దెబ్బ తగులుతుందంటే, కథనం ఎన్నాళ్లు ఉంటుందన్న దగ్గర. ఒప్పందంలో 12 నెలలని ఉంటే పదమూడో నెల పేజీ తెరుచుకోదు, వెబ్‌సైట్ మీది 'మా గురించి రాసినవారు' లోగో ఖాళీ పేజీకి తీసుకెళ్తుంది. పేరున్న సైటులో చోటు తీసుకుని దాని పరపతిని వాడుకునే బయటి కంటెంట్ మీద 2024 మార్చిలో గూగుల్ కొత్త స్పామ్ విధానం ప్రకటించాక, ఇలాంటి విభాగాలు కొన్ని సెర్చ్‌లోంచే తప్పుకున్నాయి. లోగోల వరస కొత్తవాళ్లను ఆకట్టుకుంటుంది, నిజమే. కానీ వైరు ద్వారా వేసిన రిలీజుకు ఆ పత్రిక లోగో పెట్టి, పత్రిక తమ గురించి రాసిందని చెప్పుకోవడం పాఠకుణ్ణి మోసగించడమే.

చట్టం కూడా నిద్రపోవడం లేదు. 'నిష్పాక్షిక' ర్యాంకింగులు ఇస్తున్నామంటూనే డబ్బు కట్టిన సంస్థలకు పై స్థానాలు అమ్మారన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెండ్‌ఈడీయూ అనే పోలిక సైటును నిలదీసింది. 2020లో అది 3,50,000 డాలర్లకు రాజీపడింది. నకిలీ సమీక్షల మీద అదే కమిషన్ తెచ్చిన నియమం 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. తన అదుపులో ఉన్న సైటును స్వతంత్ర సమీక్షల వేదికగా చూపించుకోవడాన్నీ అది నిషేధించింది.

ఇంతకీ ఉపయోగమేమీ లేదా? ఉంది. సిబ్బందికి నిజంగా సంతోషం కలుగుతుంది. సంస్థ పేరుతో వెతికినప్పుడు మొదటి పేజీలో ఒకటి రెండు ఫలితాలు పెరుగుతాయి. ఉద్యోగానికి వచ్చేవాళ్లు గమనిస్తారు. కొత్త ఎంకైరీల మీద ప్రభావం మాత్రం సంబరాల వారాలు దాటి నిలబడ్డం మేం చూడలేదు. మీకు మీరే తేల్చుకోవాలంటే బ్యాడ్జీ లింకుకు, కథనంలోని లింకుకు వేర్వేరు యూటీఎం కోడ్లు (సందర్శకుడు ఏ లింకు నుంచి వచ్చాడో చెప్పే, లింకు చివర చేర్చే గుర్తులు) పెట్టండి. ఎంకైరీ ఫారంలో 'మా గురించి ఎలా తెలిసింది' అని ఖాళీ గడి ఇవ్వండి, ఆప్షన్లు ఇస్తే జనం మొదటిదే నొక్కేస్తారు. నెల రోజులు బ్యాడ్జీ ఉంచి, నెల రోజులు తీసి పోల్చండి, కాకపోతే పండగలు, సెలవులు లేని నెలలు ఎంచుకోండి. అదే డబ్బుతో పని పూర్తయిన ప్రతి కస్టమర్‌కూ, సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరుకోకుండా, వరసపెట్టి అభిప్రాయం అడిగే ఏర్పాటు చేస్తే దానికి హారం ఉంటుంది: ఎంతమందిని అడిగాం, ఎంతమంది జవాబిచ్చారు, అందులో ఎంతమంది బాగోలేదన్నారు.

ఇప్పటికే బ్యాడ్జీ వాడుతుంటే, దాని పక్కనే ఏ సంవత్సరం, ఏ విభాగం, పాఠకుల ఓటింగ్ ద్వారా వచ్చిందన్న మూడు సంగతులూ కనబడేంత అక్షరాల్లో రాయండి. లైసెన్సు ఒప్పందంలో ఆటో రెన్యువల్ క్లాజు ఉందేమో చూడండి. ఉంటే రద్దు నోటీసు గడువు ముగింపుకు 30 రోజుల ముందా, 60 రోజుల ముందా అన్నది చూసుకుని ఆ తేదీని ఈరోజే క్యాలెండర్‌లో వేసుకోండి. నోటీసు మెయిల్‌లో పంపి, అందినట్టు జవాబు తీసుకోండి, కార్డు నుంచి ఆటో డెబిట్‌ను బ్యాంకు వైపు నుంచి కూడా ఆపించండి.