43 అంగుళాల స్మార్ట్ టీవీ: బొమ్మ బాగుంది, హాల్లో గొడవే తగ్గలేదు

దసరా ఆఫర్లో కొన్న టీవీ ఇది. కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయే తంటా ఈ ఒక్క కంపెనీది కాదు, ఇంటర్నెట్ తగిలించిన ఏ టీవీకైనా ఉండేదే. మాది పర్లాకిమిడి. ఉండేది ఒడిశాలో, టీవీలూ ఫ్రిజ్‌లూ కొనేది పాతపట్నంలో. గజపతి జిల్లా తెలుగువాళ్లకి ఇది అలవాటే. రేటు 22 వేల చిల్లర పడింది, గోడకి బిగించే స్టాండుకి విడిగా తీసుకున్నారు.

ముందు బొమ్మ సంగతి. పగలు కిటికీలు తీసి ఉంచినా మొహాలు స్పష్టంగా కనిపిస్తాయి. రాత్రి సీన్లలో మాత్రం నలుపు నలుపుగా రాదు, బూడిద రంగులోకి తిరుగుతుంది. అత్తయ్యగారి సీరియళ్లలో రాత్రిపూట కూడా ఇల్లంతా లైట్లే కాబట్టి మాకు ఇబ్బంది లేదు. వెనక వైర్లు పెట్టుకునే చోట్లు సరిపడా ఉన్నాయి. ఆన్ చేశాక తెర రావడానికి కొంచెం టైం తీసుకుంటుంది. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటి నుంచీ మొదలెడుతుంది. మా వీధిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలిసినవాళ్లకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

సౌండ్ గురించి నేను అందరికంటే బాగా చెప్పగలను. ఈ టీవీని నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. హాలు పక్క గదిలోనే నా కుట్టుమిషన్. (బరంపురం యూనివర్సిటీలో హిస్టరీ ఎం.ఏ. చేసి జాకెట్లు కుట్టుకోవడం ఏమిటని అడిగేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, మీరు అడక్కండి.) పాటలకి ఈ సౌండ్ చాలదు, డప్పు మోత డబ్బా మోతలా వస్తుంది. మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తాయి. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

మా మావయ్యగారు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. రిమోట్‌లో మైకు బటన్ నొక్కి "అన్నమయ్య కీర్తనలు" అంటే చాలు, తెర నిండా వచ్చేస్తాయి. ఆ బటన్‌కి నేను పూర్తి మార్కులు వేస్తాను, టైపు చేయడం రాని పెద్దవాళ్లకి అది వరం. కానీ కీర్తన అయిపోయాక ఏమొస్తుందో ఆయన చేతిలో లేదు. మొదట్లో ఇంకో కీర్తనే వచ్చేది. తర్వాత ఓ ప్రవచనం. ఆ తర్వాత ప్రవచనం లాగే మొదలై పది నిమిషాలకి "వాళ్ల పుస్తకంలో ఫలానా అధ్యాయం, ఫలానా వచనం తీయండి, నేను సవాలు చేస్తున్నా" అని గొంతు పెంచే ఒకాయన. మావయ్యగారు ఆయన్ని చివరిదాకా విన్నారు. అంతే. టీవీకి అదొక్కటీ చాలు. మర్నాటి నుంచి ఆయన, ఆయనకి జవాబిచ్చే అవతలి మతం ఆయన, ఇద్దర్నీ తిట్టే నాస్తికుడు, ఆ నాస్తికుడికి జవాబిచ్చే ఇంకొకడు వరుస కట్టేశారు.

ఓ మధ్యాహ్నం పాస్టరమ్మ గారు జాకెట్టు కోసం వచ్చారు. హుక్కులు కుట్టడం ఒక్కటే మిగిలింది, "కూర్చోండమ్మా, పది నిమిషాలు" అని హాల్లో కుర్చీ వేశాను. టీవీలో విష్ణు సహస్రనామం. అది ముగిసింది, కింద గీత మీద అంకెలు తగ్గుతూ వచ్చాయి, తర్వాతది దానంతటదే మొదలైంది. "బైబిల్లో ఉన్న అబద్ధాలు" అని పెద్ద గొంతు. మావయ్యగారు రిమోట్ తీసుకుని ఆపబోయి సౌండ్ పెంచేశారు. ఆ సన్న రిమోట్‌లో సౌండ్ బటనూ ఆపే బటనూ పక్కపక్కనే ఉంటాయి, తయారుచేసినవాడు ఎవడో గానీ వాడి ఇంట్లో ముసలివాళ్లు ఉండి ఉండరు. నేను మిషన్ మీద నుంచి లేచి వెళ్లి ప్లగ్ పీకేశాను.

ఆవిడ నవ్వి, "ఏటమ్మా అంత కంగారు? మా అబ్బాయి ఫోన్లో రోజూ మీ దేవుళ్ల మీద ఇంకొకాయన అరుస్తుంటాడు. మీ ఇంట్లో ఈయన, మా ఇంట్లో ఆయన" అన్నారు. మావయ్యగారు మాత్రం ఆ పూట కాఫీ కూడా తాగలేదు. ఆవిడ భర్తా ఈయనా ఏళ్ల తరబడి కలిసి పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే మనుషులు.

ఆవిడ అన్న మాట పట్టుకుని చాలా ఆలోచించాను. ఈ వీడియోలు ఎదుటి మతం వాళ్లని ఒప్పించడానికి తీసినవి కావు. పేరుకి సవాలు వాళ్లకే, కానీ వినాల్సింది మనవాళ్లు. "భయపడకండి, మన దగ్గర జవాబుంది, వాళ్ల దగ్గరే లేదు" అని తన జనానికి ధైర్యం చెప్పడమే అసలు పని. అందులో తప్పేం లేదు, ఏ మతానికైనా అలాంటి మనిషి కావాలి కాబోలు. చిక్కేమిటంటే టీవీ దాన్ని తీసుకెళ్లి అవతలివాళ్ల హాల్లో కూడా పెడుతుంది. పెళ్లివారింట్లో మనలో మనం వియ్యాలవారి గురించి అనుకున్న మాటలు పొరపాటున మైకులో వచ్చేస్తే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది. మాట అదే, విన్న చెవి వేరు.

మతాల మధ్య వాదాలు మన దేశానికి కొత్త కాదు. 1854లో ఆగ్రాలో రహ్మతుల్లా కైరానవీ అనే మౌల్వీ, ఫాండర్ అనే జర్మన్ పాదిరీ రెండు రోజులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. 1877లో షాజహాన్‌పూర్ దగ్గర చాందాపూర్ మేళాలో ఆర్యసమాజం పెట్టిన దయానంద సరస్వతి, మౌల్వీలు, పాదిరీలు ఒకే పందిట్లో మాట్లాడారు. ఎవరు గెలిచారంటే ఎవరి పుస్తకంలో వాళ్లే గెలిచారు, అది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కానీ వెళ్లినవాళ్లు వాదం వినడానికే వెళ్లారు. రెండో పక్షం అక్కడే ఉంది, దాని మాట కూడా వినక తప్పలేదు. మా టీవీలో రెండో పక్షం ఉండదు, ఉన్నా కత్తిరించిన అర నిమిషమే. 2009లో అమెరికాలోని బయోలా యూనివర్సిటీలో విలియం లేన్ క్రెయిగ్ అనే క్రైస్తవ తత్వవేత్త, క్రిస్టఫర్ హిచెన్స్ అనే నాస్తిక రచయిత దేవుడు ఉన్నాడా లేడా అని రెండు గంటలకు పైగా వాదించుకున్నారు. అది మొత్తం చూసినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. "నోరు మూయించాడు" అని పేరు పెట్టిన ముక్కలు చూసినవాళ్లు మాత్రం మా వీధిలోనే ఉన్నారు.

ఇంకొకటి. తిడితే మనిషికి అంత కోపం రాదు, పిచ్చివాడిలే అని వదిలేస్తాడు. మన పుస్తకమే తీసి, పేజీ చెప్పి, జవాబు చెప్పమని అడిగితేనే ఒళ్లు మండుతుంది. ఎందుకంటే మనలో చాలామందికి జవాబు తెలీదు. భక్తి మనకి ప్రశ్నా జవాబుల్లో రాలేదు. అమ్మమ్మ చేయి పట్టుకుని గుడికి తీసుకెళ్తే వచ్చింది, ఉపవాసం రోజు వంటింట్లో వాసనతో వచ్చింది, పాస్టరమ్మ గారికి చిన్నప్పుడు ఆదివారం పాడిన పాటలతో వచ్చింది. అలాంటి మనిషిని ఒక్కసారిగా ఇంటిల్లిపాది ముందు నిలబెట్టి "నిరూపించు" అంటే ఏం చేస్తాడు? జవాబు రాదు, కోపం వస్తుంది. ఆ కోపంతో కింద నాలుగు లైన్లు రాస్తాడు. దానికి పదిమంది మనవాళ్లు లైకులు కొడతారు. ఇక ఆ మనిషి కూడా చిన్న సైజు వాదకుడే.

మా అత్తయ్యగారికి కోపం వచ్చింది మాత్రం వేరే మతం ఆయన మీద కాదు, మన పక్షం ఆయన మీద. కార్తీక మాసంలో దీపం ఎందుకు పెట్టాలో ఆయన సైన్సు ప్రకారం వివరిస్తున్నాడు: దీపం వల్ల ఆక్సిజన్ పెరుగుతుందట, సూక్ష్మక్రిములు చస్తాయట. దీపం వెలిగితే ఆక్సిజన్ ఖర్చవుతుందని హైస్కూల్ పిల్లలకి కూడా తెలుసు. ఆవిడకి ఆ సైన్సు గొడవ పట్టదు గానీ, "నాను దీపం ఎట్టేది దేవుడికి. క్రిములకేటి సంబంధం? ఈడికి దేవుడి మీద నమ్మకం లేదేటి, ఇన్ని సాకులు సెప్తన్నాడు" అన్నారు. ఎదుటివాళ్లకి జవాబు చెప్పే తొందరలో పూజని పరీక్ష పేపర్ చేసేశాడని ఆవిడ కోపం. అవతలివాళ్లకే కాదు, సొంతవాళ్లలో నిదానంగా నమ్మేవాళ్లకి కూడా ఈ గొంతు పెద్దవాళ్లంటే చిరాకు ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇందులో యంత్రం వాటా ఎంత అని అడగొచ్చు. వాటా ఉంది. 2017లో ఫేస్‌బుక్, ఎవరికి ఏది ముందు చూపించాలో తేల్చే తన లెక్కల్లో, మామూలు లైకు కంటే కోపం, నవ్వు, ఏడుపు ఎమోజీ బొమ్మలకి ఐదు రెట్లు విలువ ఇచ్చింది. ఆ సంగతి 2021లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక బయటపెట్టింది. కోపం బొమ్మ విలువని అప్పటికే, 2020లోనే, సున్నా చేశారట. అదే 2017లో అమెరికా పరిశోధకులు ట్విట్టర్ మాటల్ని లెక్కగట్టారు. తుపాకులు, స్వలింగ వివాహాలు, వాతావరణ మార్పు మీద రాసిన ట్వీట్లలో నీతీ ఆవేశమూ కలిసిన మాట ఒకటి పెరిగితే, దాన్ని ఇతరులు పంచుకోవడం దాదాపు 20 శాతం పెరిగిందట. ఆ పెరుగుదల కూడా ఎక్కువగా సొంత గుంపులోనేనట. మతం గురించి కాకపోయినా మా హాల్లో జరిగేది అదే. మావయ్యగారు ఇష్టపడి చూశారా, మండిపడి చూశారా అన్నది టీవీకి అక్కర్లేదు. చివరిదాకా చూశారు, అంతే దానికి కావాల్సింది.

అలాగని అంతా యంత్రం మీదికి తోసేయను. ఇంటర్నెట్ లేని రోజుల్లోనే, లాహోర్‌లో అచ్చయిన ఓ పుస్తకం మీద రేగిన గొడవతో 1927లో శిక్షాస్మృతిలో 295-ఏ సెక్షన్ చేర్చారు. ఆ పుస్తకం అచ్చేసినాయన 1929లో హత్యకి గురయ్యాడు. ఆ సెక్షనే ఇప్పుడు, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది. కావాలని దురుద్దేశంతో మత భావాల్ని కించపరిస్తే మూడేళ్ల దాకా జైలు. కింద కామెంట్లు రాసే కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

సరే, టీవీలోకి వస్తాను. కొన్నవాళ్లు మొదటి రోజే చేయాల్సిన పనులున్నాయి. వీడియో యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోప్లే (ఒకటి అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవడం) ఆపేయండి, సగం గోల అక్కడే పోతుంది. ఇంట్లో ఎవరి అకౌంట్ వాళ్లకి పెట్టండి. మా ఇంట్లో అందరిదీ ఒకటే కావడంతో మా బాబు చూసే క్రికెట్ ముక్కల మధ్యలో కూడా సవాళ్లొచ్చేవి. వాచ్ హిస్టరీ, అంటే ఇంతవరకు చూసినవాటి జాబితా, చెరిపేసి, కొత్తది చేరకుండా పాజ్ చేయొచ్చు. వీడియో బొమ్మ మీద బటన్ నొక్కి పట్టుకుంటే "ఆసక్తి లేదు" అనీ, "ఈ ఛానెల్ సిఫారసు చేయొద్దు" అనీ వస్తాయి. మొదటిది పెద్దగా పనిచేయలేదు. రెండోదానికి కొంత ఫలితం ఉంది గానీ ఒక ఛానెల్ పోతే అదే మనిషి వీడియో ముక్కలు ఇంకో పేరుతో వస్తాయి. ఇవన్నీ మా ఆయన చేశారు. ఇప్పుడు కీర్తన అయ్యాక తెర ఊరికే ఉంటోంది.

మావయ్యగారు ఆ వీడియోలు పూర్తిగా మానేశారని చెప్పను. పొద్దున్న ఫోన్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నారు. వాకింగ్‌కి మాత్రం ఎప్పటిలాగే పాస్టర్ గారితోనే వెళ్తున్నారు. దారిలో ఏం మాట్లాడుకుంటారో అడిగితే "పెన్షన్ ఎరియర్స్" అన్నారు.

ఇక సర్వీసు. దీనికే నేను మార్కులు కోశాను. బిల్లు ఆంధ్రాది, ఇల్లు ఒడిశాది. స్పీకర్లో గరగర మొదలైతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాం. మా పిన్‌కోడ్ చూసి బరంపురం సెంటర్‌కి పంపారు, వాళ్లు బిల్లు చూసి శ్రీకాకుళం సెంటర్‌కి చెప్పుకోమన్నారు, వీళ్లు మళ్లీ పిన్‌కోడ్ అడిగారు. చివరికి బరంపురం నుంచే కుర్రాడు వచ్చాడు. పని శ్రద్ధగా చేశాడు, డబ్బులు తీసుకోలేదు. కంప్లైంట్ రాయించేటప్పుడు బిల్లు ఫొటో, వారంటీ కార్డు, ఇంటి అడ్రసు మూడూ ఒకేసారి వాట్సాప్‌లో పంపితే పని తొందరగా అవుతుందని అతనే చెప్పాడు. బార్డర్ ఊళ్లవాళ్లు కొనేటప్పుడే షాపువాడి చేత వారంటీ కార్డు మీద ఒడిశా అడ్రసు రాయించుకోండి.

బొమ్మకి నాలుగు, మాటల సౌండ్‌కి నాలుగు, పాటల సౌండ్‌కి రెండు, రిమోట్‌కి ఒకటి, సర్వీసుకి రెండున్నర. మొత్తం మీద మూడు స్టార్లు. ఈ రేటులో 43 అంగుళాలంటే కొనొచ్చు, కాకపోతే పెద్ద బటన్ల రిమోట్ ఒకటి బయట విడిగా కొనుక్కోండి.