క్లినిక్ కోసం చోటు వెతికిపెట్టే సేవ: హనుమకొండలో మా అనుభవం

ఎముకల వైద్యుడైన మా తమ్ముడు సొంత క్లినిక్ పెట్టాలనుకున్నప్పుడు, వైద్యులకు మాత్రమే భవనాలు చూపించే ఒక మధ్యవర్తి సంస్థను హనుమకొండలో ఆశ్రయించాము. అంతకుముందు కలిసిన మధ్యవర్తులందరూ ఎన్ని చదరపు అడుగులు, ఎంత అద్దె అని అడిగితే, వీరు మాత్రం రోగులు ఎక్కడి నుంచి వస్తారని అడిగారు. ఎంజీఎం ఆసుపత్రి, 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల పక్కనే వరంగల్‌లో ఉండడంతో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపుల వారు కూడా వైద్యానికి ఇక్కడికే వస్తారు. కాలికి కట్టుతో బస్సు దిగిన మనిషి క్లినిక్ మెట్టు దాకా ఎలా చేరతాడన్నది మేము అప్పటిదాకా ఆలోచించనే లేదు.

ఈ సంస్థ తరఫున వచ్చిన వ్యక్తి టేపు వెంట తెచ్చుకుని, స్ట్రెచర్ పట్టని లిఫ్టు ఉన్నందుకు రెండు భవనాలను తానే వద్దన్నారు. హంటర్ రోడ్డులో మాకు ఎంతో నచ్చిన భవనం సెల్లార్‌లోకి దిగి, 2023 జూలై వరదలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడమీది చార చూపించి, జనరేటరు పెట్టడానికి అక్కడ వేరే చోటే లేదని చెప్పారు. ఆ బేరం కుదిరితే వచ్చే కమీషన్ వదులుకుని ఆ మాట చెప్పినందుకు నాకు ఆయనపై గౌరవం కలిగింది. ఎక్స్‌రే గదికి 9 అంగుళాల ఇటుక గోడ గానీ దానికి సమానమైన సీసపు రక్షణ గానీ కావాలన్న అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనను ముందే చెప్పి, ఆ ఖర్చు ఎవరు భరించాలో యజమానితో తేల్చిపెట్టారు. చివరకు బాలసముద్రంలో, బస్టాండుకు దగ్గరలో చోటు దొరికింది.

కాగితాల దగ్గర మాత్రం ఈ సంస్థ మమ్మల్ని నిరాశపరిచింది. ఇళ్ల అద్దెకు రాసినట్టే పదకొండు నెలల ఒప్పందం రాసి తెచ్చారు. గోడలకు, నీటి పైపులకు, యంత్రాలకు లక్షలు పెట్టిన వైద్యుణ్ణి ఏడాది తిరగకముందే ఖాళీ చేయమంటే గతేమిటి? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజునే తప్పనిసరిగా రిజిస్టరు చేయాలన్న లెక్కతో, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి చాలామంది పదకొండు నెలలు రాస్తారు, కానీ రాష్ట్ర సవరణ వల్ల తెలంగాణలో ఏ లీజునైనా రిజిస్టరు చేయాల్సిందే. మా న్యాయవాది తొమ్మిదేళ్ల లీజు రాసి రిజిస్టరు చేయించారు.

ఇంకా బాధించినది, అద్దెపై 18 శాతం జీఎస్టీ ఉందని సంతకానికి ముందురోజు చెప్పడం. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందువల్ల, దుకాణదారులు వెనక్కి రాబట్టుకున్నట్టు ఆ పన్నును రాబట్టుకోవడం క్లినిక్‌కు కుదరదు. అంటే అది పూర్తిగా అద్దెలో భాగమే. వైద్యులతోనే పనిచేసే సంస్థ ఈ లెక్కను మొదటి రోజే చెప్పి ఉండవలసింది.

ఒక నెల అద్దెను ఫీజుగా తీసుకున్నారు. చోటు ఎంపికకైతే ఆ డబ్బు దండగ కాదు, మరో వైద్యుడు అడిగినా వీరి దగ్గరికే పంపుతాను. లీజు మాత్రం సొంత న్యాయవాది చేత రాయించుకోమని, పన్నుతో కలిపి నెలకు ఎంతవుతుందో మొదటి భవనం చూడకముందే కాగితం మీద అడగమని చెప్పి మరీ పంపుతాను.