వేలు పెట్టి చూపిస్తేనే విమర్శ: మా ప్రింట్ల బల్లకి నా రివ్యూ

కెమెరాల రివ్యూలు చదివి చదివి విసుగెత్తినవాళ్ళ కోసం ఇది. నేను చాన్నాళ్ళుగా వాడుతున్న ఒక పద్ధతి గురించి రాస్తున్నాను. వైజాగ్‌లో ఫొటోల పిచ్చి ఉన్న కొందరం నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరతాం. ఎవరి ఫొటో వాళ్ళు ప్రింటు వేయించుకుని తెస్తారు. డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి దాని మీద పరుస్తాం, మిగతావాళ్ళు చూసి చెబుతారు. సంఘం కాదు, రిజిస్ట్రేషన్ లేదు, పేరైనా పెట్టుకోలేదు. "ఈసారి బల్లకి వస్తున్నావా?" అనుకుంటాం, అంతే.

నాది క్యానన్ 1500డి, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు. తరవాత 50 ఎంఎం ఎఫ్ 1.8 కూడా కొన్నాను. దాంతో నా ఫొటోల దశ తిరిగిపోతుందనుకున్నాను. వెనకాల మసగ్గా రావడం తప్ప ఏం తిరగలేదు. మార్పు వచ్చిందంటే బల్ల దగ్గరే.

పద్ధతి ఇదీ. మనిషికి ఒకే ప్రింటు, 8×12 అంగుళాలది. ఫోన్లో చూపిస్తామంటే కుదరదు. ప్రింటు తెచ్చినవాళ్ళు మొదట నోరు మెదపకూడదు. ఎక్కడ తీశారో, ఎన్నింటికి లేచారో, వాచ్‌మన్ ఎలా అడ్డుకున్నాడో, ఏదీ చెప్పకూడదు. మొదటి విడతలో అందరూ తమకి ఏం కనబడుతోందో మాత్రమే చెప్పాలి. బాగుంది, బాలేదు అనే మాటలు అప్పుడు నిషిద్ధం. తరవాత ఫొటో తీసినవాళ్ళు తమ సందేహం అడుగుతారు, ఆ తరవాత మిగతావాళ్ళు వాళ్ళని అడుగుతారు. చిట్టచివర్న, "దీని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడిగి, సరేనంటేనే చెప్పాలి. ఇది మా బుర్రలో పుట్టింది కాదు. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990లో ఇలాంటి నాలుగు మెట్ల పద్ధతి తయారుచేశారు. మా బల్ల దగ్గరికి వచ్చే ఒకావిడ కూచిపూడి నేర్పుతారు, ఆవిడ ద్వారా మాకు చేరింది. మా బద్ధకానికి తగ్గట్టు దాన్ని కాస్త కుదించుకున్నాం.

అసలు పని జరిగేది ఆ మొదటి విడతలోనే. నా ఫిషింగ్ హార్బర్ ఫొటో సంగతి చెబుతాను. తెల్లారుతూనే బోట్లొచ్చి, సరుకు దించి, వేలంపాట నడుస్తున్నప్పుడు అక్కడ వెలుగు ఎలా ఉంటుందో వైజాగ్‌లో కెమెరా ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. వంజరం గంప పక్కన నిలబడి బేరమాడుతున్న ఒకావిడ, ముఖం మీద పక్కనుంచి ఎండ. నా దృష్టిలో అది ఆవిడ కళ్ళ ఫొటో. బల్ల మీద పెట్టాక వరసగా ముగ్గురి నోటి నుంచి మొదట వచ్చిన మాట "తెల్ల థర్మాకోల్ పెట్టె". ఎడమ మూల ఎండ పడి భగ్గుమంటున్న ఐసు పెట్టె అది. తీసేటప్పుడు నా కంటికి అది ఆననే లేదు.

ఒకప్పుడు స్టూడియో నడిపిన మాస్టారు ఒకాయన వస్తారు. ఆయన ప్రింటుని తలకిందులుగా తిప్పి పెట్టారు. అలా తిప్పితే ముఖం ముఖంలా అనిపించడం మానేస్తుంది, ఏది ఎక్కువ మెరుస్తోందో, బరువు ఎటు పడుతోందో తేలిపోతుంది. తరవాత సంచిలోంచి ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్టముక్కలు తీసి, ఎడమవైపు కొంత మూసి చూపించారు. పెట్టె పోయింది. "ఇదంటే ఇంటికాడ కోసుకోవచ్చు. మరిదేటమ్మా?" అని ఆవిడ కుడిచేతి మీద వేలు పెట్టారు. ఫ్రేము సరిగ్గా మణికట్టు దగ్గర తెగింది. ఆవిడ వేళ్ళతో లెక్క చూపిస్తూ బేరమాడుతోంది, ఆ వేళ్ళే లేవు. "రేటు చెప్పే చెయ్యొదిలేసి మొహం తీసేవు. ఓ రెండడుగులు ఎనక్కి ఏస్తే సరిపోయేది కదేటి."

1500డి సెన్సరు, అంటే లోపల ఫొటోని పట్టే పలక, చిన్నది కాబట్టి 50 లెన్సు దాని మీద 80 లెన్సంత ఇరుగ్గా చూస్తుంది. వేలం గుంపులో వెనక్కి జరగడానికి చోటుండదు. అప్పట్నుంచి హార్బర్‌కి, దగ్గర్నుంచే వెడల్పుగా పట్టే ఆ పాత 18-55నే పట్టుకెళ్తున్నాను. ఏ లెన్సు రివ్యూ కూడా నాకు ఈ ముక్క చెప్పలేదు.

ఇన్నాళ్ళ మీద నేను పెట్టుకున్న కొలత ఇదే. ఇంట్లో కంప్యూటర్ ముందు సరిదిద్దుకోగలిగేవి చెప్పినవాళ్ళకి థాంక్స్ చెబుతాను. తీసే చోటే, తీసే క్షణంలోనే చెయ్యాల్సింది చెప్పినవాళ్ళ మాట రాసిపెట్టుకుంటాను. ప్రింటు మీద ఫలానా చోట అని వేలు పెట్టలేని మాటని మాత్రం, పొగడ్తయినా తిట్టయినా, విని ఊరుకుంటాను. "లైఫ్ లేదు" అంటారు కొందరు. ఎక్కడ లేదండీ?

ఆ రోజే ఎవరో "ఆవిడకి చూపించావా?" అని అడిగారు. ఇంకో కాపీ వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ ముఖం సంగతి పట్టించుకోలేదు, చెయ్యి సంగతీ అడగలేదు. "గంప నిండా సరుకుంటే సగమే తీసేవేటి?" అంది. బల్ల చుట్టూ కూర్చున్న మాలో ఒక్కరికీ తట్టని మాట. పైగా కోడల్ని పిలిచి, ఇద్దర్నీ కలిపి ఇంకోటి తియ్యమంది.

బల్లకి ముందు నాకున్నది వాట్సాప్ గ్రూపే. సూపర్, నైస్ క్లిక్, నాలుగు నిప్పు బొమ్మలు. పొగడ్తల సంగతి అలా ఉంచండి, అక్కడ విమర్శ కూడా తప్పుదోవ పట్టిస్తుంది. మామూలుగా ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించేస్తుంది, షట్టర్ స్పీడు (షట్టర్ ఎంతసేపు తెరుచుకుందో), ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో) లాంటి వివరాలూ ఊడిపోతాయి. అవతలివాళ్ళు "షార్ప్‌గా లేదు" అంటే అది నా ఫొటో గురించో, ఆ కుదించిన కాపీ గురించో చెప్పలేం. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు వెళ్తుంది గానీ, ఆ ఓపిక ఎంతమందికి? ఇంకోటి, ఫోన్ వెలుగు నిండుగా పెట్టుకుని చూస్తే చీకటి ఫొటో కూడా బాగానే ఉంటుంది. ప్రింటు వేయిస్తే నల్లగా దిగుతుంది. పోటీల సంగతంటారా, 1953 నుంచీ ఉన్న ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ గుర్తింపుతో దేశమంతా సలాన్లు, అంటే ఫొటోల పోటీ ప్రదర్శనలు, జరుగుతుంటాయి. మన స్థాయి ఎక్కడుందో వాటివల్ల తెలుస్తుంది, ఎందుకు పోయిందో తెలియదు. జడ్జీలు మార్కులేస్తారు, కారణం రాయరు.

ఇక చెప్పడం. వినడం కన్నా నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది. కొత్తల్లో నాలాంటివాళ్ళు పెద్దవాళ్ళ ఫొటో ముందు "చాలా బాగుందండీ" అని తప్పించుకుంటారు. మా బల్ల దగ్గర "ఎక్కడ బాగుంది?" అని వెంటనే అడుగుతారు, ఇక చూడక తప్పదు.

ఒకసారి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఆర్కే బీచ్‌లో సాయంత్రంపూట క్రికెట్టాడుతున్న పిల్లల ఫొటో తెచ్చాడు. పిల్లలందరూ మసగ్గా, అలుక్కుపోయినట్టు చెదిరిపోయి ఉన్నారు. "షేక్ అయిపోయింది" అని ఒకరు తేల్చేశారు. కుర్రాడి ముఖం వాడింది, ట్రైపాడ్ కొనాలా అని మొదలెట్టాడు. నేను ప్రింటు దగ్గరికి లాక్కుని చూస్తే, పిల్లల కాళ్ళ దగ్గర ఇసకలో అడుగుల గుర్తులు గీసినంత స్పష్టంగా ఉన్నాయి. చెయ్యి వణికితే ఇసక కూడా చెదరాలి, అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుండాలి. ఫోకస్ తప్పితే పిల్లల ముందో వెనకో ఇంకేదో స్పష్టంగా ఉండి, వాళ్ళతో సమంగా ఉన్న నేల మసగ్గా ఉండాలి. ఇక్కడ పిల్లలొక్కరే చెదిరారంటే కదిలింది వాళ్ళే. "షట్టర్ ఎంత పెట్టావు బాబూ?" అంటే 1/60 అన్నాడు, అంటే సెకనులో అరవయ్యో వంతు. పరిగెత్తే పిల్లలకి 1/500 అయినా కావాలి. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ 1600కి, ఇంకా చాలకపోతే 3200కి పెంచుకోవడమే. కాస్త గరుకు వస్తుంది, రానీ. ట్రైపాడ్ కొని ఉంటే డబ్బు దండగ, పిల్లలు అలాగే చెదిరేవాళ్ళు. పైకి ఒకేలా కనబడే ఈ జ్వరాల్లో మూడు రోగాలున్నాయని నాకూ అంత వివరంగా తెలిసింది అతనికి చెప్పబోయినప్పుడే.

చెప్పే తీరులో నేను పట్టుకున్నది ఒక్కటే, ముందు వాళ్ళకేం కావాలో అడగడం. ఒక పెళ్ళి ఫొటోలో చీర జరీ తెల్లగా ఎగిరిపోయింది. "ఓవర్ ఎక్స్‌పోజ్ అయింది" అనేస్తే మాట అయిపోతుంది. "మీకు ముఖ్యం జరీనా, ఆ అమ్మాయి నవ్వా?" అని అడిగితే ఆ ఫొటో తెచ్చినావిడే కాసేపు చూసి, "జరీ పోతే పోనీ, నవ్వు చీకట్లో ఉండకూడదనుకున్నా" అంది. అలాంటప్పుడు ఆ ఫొటోలో తప్పేం లేదు. నేను నోరు మూసుకున్నాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఏ ఫొటో పెట్టినా రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే సూత్రం) గీతలే గీసే ఒకాయన ఉన్నారు, ఆయన్ని ఎవరూ మార్చలేరు. నన్ను ఎక్కువ చికాకు పెట్టేది, "ఆడపిల్లయుండి అంత పొద్దున్నే హార్బర్‌కెళ్ళింది" అనే మెచ్చుకోలు. నేను ఎన్నింటికి లేచానో ప్రింటులో ఎక్కడుందో అలా మెచ్చుకునేవాళ్ళు వేలు పెట్టి చూపించాలి. వీటికన్నా పెద్ద ఇబ్బంది, బల్ల రుచి అందరికీ అంటుకోవడం. పక్క వెలుగు, ముడతల ముఖాలు, తీరిగ్గా పేర్చిన మూలలు. ఈమధ్య మా ప్రింట్లు కలిపేస్తే ఎవరిది ఏదో చెప్పడం కష్టం. అందుకే మా ఇంట్లోవాళ్ళని తీసే ఫొటోలు అక్కడికి పట్టుకెళ్ళడం మానేశాను. అవి నాక్కావాల్సినట్టు వంకరగా ఉంటాయి, ఉండనివ్వండి.

ఐదుకి నాలుగిస్తాను. కెమెరా కొత్తగా కొని, రెండో లెన్సు కోసం డబ్బు దాచుకుంటున్నవాళ్ళు ముందు ఇలాంటి బల్ల వెతుక్కోండి, లేకపోతే ముగ్గురు కలిసి పెట్టుకోండి. పెళ్ళిళ్ళు తీసి బతికేవాళ్ళకి ఇంత తీరిక ఉండదు, వాళ్ళకి నేను చెప్పను. ప్రింటు మాట్ కాగితం మీద వేయించండి. గ్లాసీ వేయిస్తే ట్యూబ్‌లైటు మెరుపు పడి, వచ్చినవాళ్ళు తలలు అటూ ఇటూ తిప్పడంతోనే మొదటి విడత అయిపోతుంది.