కారు పార్కింగ్ మూసి ఆఫీసు చేయాలా, ముందు గదే మార్చాలా: ఏది మేలు?

ఇంటి కింద ఖాళీగా ఉన్న కారు పార్కింగ్ చూస్తే ఇంట్లోంచి పని చేసుకునే వాళ్లందరికీ ఒకటే ఆలోచన వస్తుంది. మూడు వైపులా గోడ ఉంది, పైన స్లాబు ఉంది, ముందు షట్టరో గ్లాసు తలుపో బిగిస్తే గది తయారు. నాకూ అలాగే అనిపించింది. నేను చిన్న వ్యాపారులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తాను, సాయానికి ఇద్దరు అమ్మాయిలు వస్తారు. ఉప్పల్ వైపు 167 గజాల్లో ఇల్లు, కింద ముందు భాగం పార్కింగ్, వెనక పోర్షన్‌లో అత్తమ్మ, మామయ్య, పైన మేము. డైనింగ్ టేబుల్ మీద ఫైళ్లు పరుచుకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? నాలుగు దారులు కనిపించాయి: పార్కింగ్ మూసేయడం, కింద పోర్షన్‌లో ముందు గదిని ఆఫీసు చేయడం, మేడ మీద రేకుల గది వేయడం, బయట షట్టర్ అద్దెకు తీసుకోవడం.

ముందే చెప్పేస్తాను, నా ఓటు ముందు గదికి. పార్కింగ్ మాత్రం మూయొద్దు. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేస్త్రీలు, ఇంటీరియర్ వాళ్లు, చుట్టాలు, ఎవరిని అడిగినా "అందరూ చేస్తున్నారు కదమ్మా" అనే ఒక్క మాటతో తేల్చేస్తారు.

మొదట చూడాల్సింది గోడలు కాదు, శాంక్షన్ అయిన ప్లాన్. బీరువాలోంచి తీసి చూడండి, కింద ఆ జాగా మీద పార్కింగ్ అని రాసి ఉందా? ఉంటే అది మీ స్థలమే అయినా మీ ఇష్టం వచ్చినట్టు వాడుకునే గది కాదు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్ ఈ విషయంలో సూటిగా ఉన్నాయి: పార్కింగ్‌కు చూపించిన జాగాను వేరే పనికి వాడితే ఆ కట్టడాన్ని తొలగించే అధికారం మున్సిపాలిటీకి ఉంది. స్టిల్ట్‌లో, అంటే పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తులో, వాచ్‌మన్ గదికి, టాయిలెట్లకు మాత్రం 25 చదరపు మీటర్ల లోపు వెసులుబాటు ఇచ్చారు, అది కూడా బండ్లు తిరిగే దారికి అడ్డం రాకుండా. ఆంధ్రాలో 2017 బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి, అక్కడా ఏం చేయాలన్నా శాంక్షన్ ప్లాన్‌తోనే మొదలు.

మా ఇల్లు 2021లో కట్టాం, అంటే ఇళ్ల అనుమతుల కోసం తెలంగాణలో టీఎస్ బీపాస్ చట్టం వచ్చిన తర్వాత. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు ఆఫీసుల చుట్టూ తిరగకుండా సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదే వెంటనే అనుమతి వస్తుంది. మంచి సౌకర్యమే. కానీ దాని అర్థం ఏంటంటే, ప్లాన్ ప్రకారమే కడతాం, ప్లాన్ ప్రకారమే వాడతాం అని సంతకం పెట్టింది మనమే. తప్పితే నోటీసు కూడా లేకుండా కూల్చే వీలు అదే చట్టంలో ఉంది. "ముందు కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం" అనే వాళ్లు 2015 నాటి భవనాల క్రమబద్ధీకరణ పథకాన్ని గుర్తు చేసుకోవాలి. జనం డబ్బు కట్టి దరఖాస్తులు పెట్టారు, విషయం హైకోర్టుకు వెళ్లింది, ఏళ్ల తరబడి ఆ ఫైళ్లు అక్కడే ఉండిపోయాయి.

సరే, కాగితాల సంగతి పక్కన పెట్టి గదిగానే చూద్దాం. మన ఇళ్లలో పార్కింగ్ ఖాళీ జాగాలా కనిపిస్తుంది కానీ నిజానికి ఇంటి ప్రాణమంతా అక్కడే ఉంటుంది. నీళ్ల సంపు మూత అక్కడే, బోరు మోటారు స్టార్టర్ అక్కడే, కరెంటు మీటర్లు అక్కడే, డ్రైనేజీ ఛాంబర్ అక్కడే. గోడ కట్టేశాక సంపు మూత మీ టేబుల్ కింద ఉంటుంది, ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ పైపు ఆఫీసు మధ్యలోంచి లాగాలి, మీటర్ రీడింగ్‌కు వచ్చిన అబ్బాయికి తాళం తీయాలి. నేల కూడా చదునుగా ఉండదు, గేటు వైపు వాలుగా పోస్తారు. దాన్ని సమం చేయాలంటే ఒకవైపు అర అడుగుకు పైగా నింపాలి, నింపితే ఎత్తు తగ్గుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మనుషులు ఉండే గదికి 2.75 మీటర్ల ఎత్తు కావాలి, ఏసీ గది అయితే 2.4. కారు పెట్టే జాగాకు 2.4 చాలు. ఆ తేడా అంకెల్లో చిన్నదే, కానీ దూలం కింద ఫ్యాను పెట్టి చూస్తే తెలుస్తుంది. పైగా ఒక కారు జాగా అంటే రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు, సుమారు 134 చదరపు అడుగులు. ముగ్గురు కూర్చుని ఒక ఫైళ్ల బీరువా పెడితే ఇక కుర్చీ వెనక్కి జరగదు.

ఇంకోటి, వాన. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో పడిన వాన ఎవరూ మర్చిపోలేదు. అప్పుడు మేం రామంతాపూర్‌లో అద్దెకు ఉండేవాళ్లం. తెల్లారి చూస్తే కింద పార్కింగ్‌లో బైకుల సీట్ల దాకా నీళ్లు, డ్రైనేజీ వెనక్కి తన్ని నల్లటి బురద. పక్కింటాయన కింద జాగాలో జెరాక్స్ షాపు పెట్టుకున్నాడు, మెషీన్లు అన్నీ పోయాయి. ఇంటి లోపలి గదులు రోడ్డు కంటే రెండు మూడు అడుగులు ఎత్తులో కట్టుకుంటాం, పార్కింగ్ మాత్రం రోడ్డుతో సమానంగా ఉంటుంది, కారు ఎక్కాలి కాబట్టి. నీళ్లు మొదట వచ్చేది అక్కడికే. నా దగ్గర కస్టమర్ల అసలు బిల్లులు, ఏడేళ్ల రికార్డులు ఉంటాయి. వాటిని అక్కడ ఎలా పెడతాను?

నిప్పు సంగతి మరీ ముఖ్యం. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు పెట్టిన భవనం అంటుకుంది, పైన హోటల్‌లో దిగిన వాళ్లు ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద గ్యారేజీ జాగాలో కెమికల్ డ్రమ్ములు ఉన్నాయి, మంటలు అంటుకుని పైన ఫ్లాట్లలో తొమ్మిది మంది పోయారు. నా ఆఫీసులో కెమికల్స్ ఉండవు నిజమే, కానీ కాగితాలు, యూపీఎస్ బ్యాటరీలు, ఏసీ, ఇవన్నీ మెట్ల మొదట్లో, మీటర్ బోర్డు పక్కన, ఇంట్లో వాళ్లు బయటికి రావాల్సిన ఒకే ఒక్క దారిలో. పైన మా పిల్లలు పడుకుంటారు. ఇది ఆలోచించిన రోజే నాకు పార్కింగ్ మీద ఆశ పోయింది. అదీగాక మన కారు తెచ్చి 25 అడుగుల గల్లీలో పెడితే రేపు ఎవరింటికి అంబులెన్స్ రావాలన్నా ఇబ్బందే. మామయ్య ఒక్కటే అడిగారు, "మరి కారు ఎక్కడ పెడతావమ్మా?" అని. నా దగ్గర జవాబు లేదు.

మేడ మీద రేకుల గది గురించి ఎక్కువ చెప్పను. మే నెలలో మధ్యాహ్నం రేకు కింద కూర్చోలేం. మధ్యలో ఫోమ్ నింపిన పఫ్ ప్యానెల్స్ వేస్తే వేడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. కానీ ప్లాన్‌లో లేని అంతస్తు ప్లాన్‌లో లేనిదే, రేకైనా ప్యానెలైనా. అనుమతి లేని కట్టడానికి ఆస్తి పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా జరిమానా వేస్తారు, అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు. నా కస్టమర్లలో సగం మంది అరవై దాటిన కిరాణా షాపు వాళ్లు, వాళ్లను రెండంతస్తులు ఎక్కించలేను.

బయట షట్టర్ నిజానికి చెడ్డ దారి కాదు. మెయిన్ రోడ్డు దగ్గర 14 వేలు అడిగారు, మూడు నెలల అడ్వాన్సు. బోర్డు పెట్టుకోవచ్చు, కొత్త కస్టమర్లు వాళ్లంతట వాళ్లే వస్తారు, ఇల్లూ పనీ కలిసిపోవు. ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి, దాని ఫీజు రోడ్డు వెడల్పును బట్టి, చదరపు అడుగుల లెక్కన ఉంటుంది. రోజూ పదిమంది కొత్తవాళ్లు రావాల్సిన పని, టైలరింగ్, జెరాక్స్, మొబైల్ రిపేర్ లాంటివి అయితే నేను ఇదే చెప్తాను, ఇంట్లో గది కోసం వెతకొద్దు. నా పని వేరు. పాత కస్టమర్లు ఫోన్ చేసి వస్తారు, నెలలో పదో తారీఖు నుంచి ఇరవై దాకా తప్ప జనం ఉండరు. ఏడాదికి లక్షా అరవై ఎనిమిది వేలు అద్దె నా సంపాదనకు బరువు.

ఇక ముందు గది. ఇదే ఎందుకు మేలంటే, ప్లాన్‌లో అది ఇప్పటికే గది. ఎత్తు ఉంది, కిటికీలు ఉన్నాయి, రోడ్డు కంటే ఎత్తులో ఉంది, పార్కింగ్ పోలేదు. చేయాల్సింది ఒక్కటే, కస్టమర్లు ఇంట్లోంచి నడవకుండా విడిగా తలుపు. పార్కింగ్ వైపు కిటికీ ఉంటే దాన్నే తలుపు చేయొచ్చు: పైన గోడ బరువు మోసే కాంక్రీటు పట్టీ (లింటెల్) ఎలాగూ ఉంటుంది, కిటికీ కింద గోడ మాత్రమే కొట్టాలి. పిల్లర్లు, దూలాలు ఉన్న ఇంట్లో ఆ గోడ స్లాబు బరువు మోయదు. అయినా సరే, గోడలే స్లాబును మోసే పాతకాలపు లోడ్ బేరింగ్ ఇల్లయితే ఇంజినీర్‌కు చూపించకుండా సుత్తి పట్టనివ్వకండి. మా మేస్త్రీ "మేడం, రెండు రోజుల పని" అన్నాడు, తలుపు చౌకట్టు, ప్లాస్టరింగ్, రంగు అన్నీ కలిపి వారం పట్టింది. వైరింగ్, టేబుళ్లు కలిపి 70 వేలు అయింది. పార్కింగ్ మూయడానికి అదే మేస్త్రీ చెప్పింది రెండు లక్షల ఎనభై వేలు.

ఇబ్బంది లేదని కాదు. ఆ గది అత్తమ్మ వాళ్ల హాలు. టీవీ, సోఫా వెనక గదిలోకి వెళ్లాయి, చుట్టాలు వస్తే కూర్చోబెట్టే జాగా తగ్గింది. అత్తమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు కానీ మొదటి నెల ముభావంగానే ఉన్నారు. అందుకే మధ్యాహ్నం మూడు దాటితే కస్టమర్లను రానివ్వను, ఆ గది మళ్లీ వాళ్లదే. ఇలాంటి మాట ముందే ఇంట్లో కూర్చుని అనుకోవాలి, గోడ కొట్టాక కాదు.

గది ఏదైనా కరెంటు విషయం మర్చిపోవద్దు. ఇంటి మీటర్ ఎల్‌టీ కేటగిరీ 1, వ్యాపారానికి కేటగిరీ 2. మనుషుల్ని పెట్టి, బోర్డు పెట్టి ఇంటి మీటర్ మీద ఆఫీసు నడిపితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద అనధికార వాడకం అంటారు, వర్తించే రేటుకు రెట్టింపు వేస్తారు, ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే ఏడాది వెనక్కి లెక్క కడతారు. విడి మీటర్ తీసుకున్నాను, నెలకు కొంచెం ఎక్కువ అవుతుంది, కానీ లైన్‌మన్ వచ్చినప్పుడల్లా టెన్షన్ లేదు. జీఎస్టీ నంబర్‌కు ఇంటి అడ్రస్ సరిపోతుంది. ఇల్లు మామయ్య పేరున ఉంది కాబట్టి ఆయన దగ్గర సమ్మతి పత్రం, కరెంటు బిల్లు పెట్టాను. సర్వీసు చేసేవాళ్లకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటే దాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మినహాయింపులు ఉంటే వేరే చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు పార్కింగ్ అనే ఆలోచనే వద్దు. స్టిల్ట్ పార్కింగ్‌ను విడిగా అమ్మే హక్కు బిల్డర్‌కు లేదని, అది ఉమ్మడి జాగా అని 2010లో ముంబై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ స్లాట్‌కు గోడ కడితే మున్సిపాలిటీ కంటే ముందు అసోసియేషన్ వస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం పార్కింగ్ జాగా తీసుకోవచ్చు అంటాను. పెద్ద ప్లాటు, ప్లాన్‌లో రూల్‌కు కావాల్సిన దానికంటే ఎక్కువ పార్కింగ్ చూపించి ఉంటే, లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌తో రివైజ్డ్ ప్లాన్ వేయించి, అనుమతి చేతికి వచ్చాక కట్టండి. రేపు లోన్‌కు బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టే వాల్యూయర్ వచ్చినా, అమ్మడానికి పెట్టినా, వాళ్లు పట్టుకుని చూసేది ఆ ప్లాన్‌నే.

ముందు గది మార్చేవాళ్లు ఒకటి కొలుచుకోండి. గది నేల పార్కింగ్ కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి కొత్త తలుపు దగ్గర మెట్లు కావాలి, ఆ మెట్లు కారు జాగాలోకే వస్తాయి. మాకు మూడు మెట్లు వచ్చాయి. కారు పెట్టి, దాని తలుపు పూర్తిగా తెరిచి, నేల మీద సుద్దతో గీత గీసి, ఆ తర్వాతే మేస్త్రీతో మెట్లు కట్టించాం. తలుపుకూ మెట్టుకూ మధ్య మూడు అంగుళాలు మిగిలింది.