డెబియన్‌తో రెండేళ్లు దాటాక: సోర్సెస్ ఫైలు శుభ్రంగా ఉంటే చాలు

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 12వ వెర్షన్ 2023 జూన్‌లో వచ్చిన కొద్ది రోజులకే నా పాత ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. 4 జీబీ ర్యామ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. రోజూ నా పనంతా దాని మీదే.

ఇన్‌స్టాలేషన్ సులువుగానే అయింది. అంతకుముందు వెర్షన్లలో వైఫై పనిచేయడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్‌ని విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది, 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడిగినచోట ఖాళీగా వదిలేస్తే మన యూజర్‌కే సుడో హక్కు, అంటే అడ్మిన్ పనులు చేసే హక్కు, వస్తుంది.

ఆ రోజు ఇంట్లో నెట్ లేదు. అందుకే డీవీడీ ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాల్ చేశాను. మర్నాడు ఏ ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్) అడిగినా "డిస్క్ పెట్టండి" అంటుంది! ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సెస్ లిస్ట్ ఫైలు తెరిచి చూస్తే సీడీరామ్ లైను ఒక్కటే ఉంది. అది పనిచేయకుండా దాని ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టి, డెబియన్ సర్వర్ల లైన్లు, సెక్యూరిటీ లైను రాసి, ఆప్ట్ అనే ప్యాకేజీలు వేసే ప్రోగ్రాంతో ఆప్ట్ అప్‌డేట్ కమాండ్ కొట్టాక దారికొచ్చింది. అప్పుడే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేసుకున్నాను, పోతన, వేమన ఫాంట్లు దాంట్లోనే ఉన్నాయి. తెలుగు టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ. తెలుగు విషయంలో నాకు ఇంకేం అవసరం పడలేదు.

నేను చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. ఒక వీడియో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కోసం బయటివాళ్ల రిపాజిటరీ (ప్యాకేజీలు ఉంచే సర్వర్) ఒకటి సోర్సెస్ లిస్ట్‌లో కలిపాను. రెండేళ్లు ఏ గొడవా లేదు. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. బ్యాకప్ తీసుకుని, సోర్సెస్ లిస్ట్‌లో బుక్‌వర్మ్ (12 పేరు) అన్నచోటల్లా ట్రిక్సీ (13 పేరు) అని మార్చి అప్‌గ్రేడ్ మొదలుపెడితే డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీ పనిచేయడానికి కావాల్సిన వేరే ప్యాకేజీలు) కుదరక మధ్యలో ఆగిపోయింది. నిజంగా టెన్షన్ పడ్డాను. ఆ రిపాజిటరీ నుంచి వచ్చిన లైబ్రరీల వెర్షన్ నంబర్లు డెబియన్‌వాటి కన్నా పెద్దవి కావడంతో ఆప్ట్ వాటినే పట్టుకుని కూర్చుంది. ఏ ప్యాకేజీ ఎక్కడిదో ఆప్ట్ పాలసీ కమాండ్‌తో ఒక్కొక్కటే చూసి తీసేసేసరికి అర్ధరాత్రి దాటింది. తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్ ఏ అడ్డూ లేకుండా పూర్తయింది. ఆప్ట్ మోడర్నైజ్-సోర్సెస్ అనే కొత్త కమాండ్ పాత లిస్టుని కొత్త పద్ధతిలోకి తనే మార్చింది, చదవడానికి చాలా హాయిగా ఉంది.

సాఫ్ట్‌వేర్ కొంచెం పాతదే ఉంటుంది, నిజమే. ప్రతి నెలా కొత్త ఫీచర్లు కావాలంటే ఇది మీకు నచ్చదు. నాకు మాత్రం పని ఆగకపోవడమే ముఖ్యం. ఇప్పుడు నా ఫైలులో ఉన్నవి డెబియన్ సొంత లైన్లే: ట్రిక్సీ, దాని అప్‌డేట్స్, సెక్యూరిటీ, బ్యాక్‌పోర్ట్స్ (ఇదే డెబియన్‌కి సరిపడేలా తయారుచేసిన కొత్త వెర్షన్లు). కొత్త వెర్షన్ కావాలంటే బ్యాక్‌పోర్ట్స్‌లో చూస్తాను, అక్కడ లేకపోతే వచ్చేదాకా ఆగుతాను.