ఎస్టోనియా పల్లెల్లో బస బుక్ చేస్తున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు జాగ్రత్త

తార్తులోనో తాలిన్‌లోనో చదువుతున్న పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు, హెల్సింకీ నుంచి ఫెర్రీలో రెండు గంటల్లో దిగే మన కుటుంబాలు, ఎస్టోనియా పల్లెల్లో ఇల్లు అద్దెకు తీసుకుని ఒకే రకంగా నష్టపోతున్నారు. ఇందులో అచ్చమైన మోసాలు తక్కువే. ప్రకటనలో రాసిన మాటకు మనం ఒక అర్థం చెప్పుకుంటాం, అక్కడివాళ్లకు అది ఇంకొకటి. మాట రాతలో ఉంది కాబట్టి తర్వాత ఎంత గొడవపడినా డబ్బు వెనక్కి రాదు. అందుకే ముందు మాటల సంగతి చూడండి.

"కుయివ్‌కైమ్లా" అని రాసి ఉంటే అది నీళ్లు లేని మరుగుదొడ్డి. సాధారణంగా ఇంట్లో ఉండదు, పెరట్లో విడిగా ఉంటుంది. చిన్న చెక్క గది, లోపల అరుగు మీద మూత, పక్కన బకెట్ నిండా రంపపు పొట్టో పీట్ మట్టో, దాంట్లో ఒక గరిటె. వాడిన ప్రతిసారీ గరిటెడు చల్లాలి. మనకు నీళ్ల అలవాటు కాబట్టి చెంబుతో వెళ్తాం. సరిగ్గా అక్కడే చెడుతుంది. నీళ్లు పడితే పొట్టు తడిసి ముద్దయి, గాలి ఆడక కుళ్లి, రెండో రోజుకే దగ్గరికి వెళ్లలేనంత వాసన వస్తుంది. యజమాని ఆ తప్పు మీదే అని శుభ్రం చేసే ఖర్చు అడిగితే కాదనడానికి ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని తడి గడ్డి మీద నడిచి వెళ్లాలి, అదీ ఆలోచించండి. "మరుగుదొడ్డి ఉందా" అని అడిగితే ఉందనే చెప్తారు, అది నిజం కూడా. "ఇంటి లోపల, నీళ్లతో ఫ్లష్ అయ్యేది ఉందా" అని అడగాలి.

ఇంకో మాట "ఐత్". పాతకాలం ధాన్యపు కొట్టు. లావాటి దుంగల గోడలు, చిన్న కిటికీ, ఫొటోలో ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేం. కానీ వేసవి పడకకు మాత్రమే సరిపోయేలా ఉంచుతారు, చాలా చోట్ల హీటర్ ఉండదు. జూన్‌లో కూడా రాత్రి 10 డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. హైదరాబాదు నుంచి సరాసరి వచ్చినవాళ్లకు అది డిసెంబరు చలి కన్నా ఎక్కువ.

"సౌన్" అంటే సౌనా, పొయ్యితో వేడెక్కించే స్నానపు గది. ఆ మాట పెద్ద అక్షరాలతో రాస్తే అదేదో అదనపు విలాసం అనుకోకండి. సాదా పల్లె ఇళ్లలో వేడినీళ్ల స్నానానికి ఉన్న ఏకైక చోటు అదే కావచ్చు. కట్టెల పొయ్యి వెలిగించాక వాడుకునేంత వేడి రావడానికి రెండు, మూడు గంటలు పడుతుంది. పొద్దున్నే తలంటుకుని బయల్దేరదాం అంటే కుదరదు. దక్షిణాన వోరుమా వైపు పొగ సౌనా ఉంటుంది, అది ఇంకా వేరు. దానికి పొగగొట్టమే ఉండదు. సగం రోజు కాల్చి, పొగంతా బయటికి వదిలాకే లోపలికి వెళ్లాలి. గోడలకూ బల్లలకూ మసి పట్టి ఉంటుంది, ఆనుకుంటే తువ్వాలు నల్లబడుతుంది. ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2014లో గుర్తించింది, చూసి తీరాల్సినదే. కానీ దాన్ని వేడిచేయడానికి ఒక మనిషి సగం రోజు దగ్గరుండాలి కాబట్టి ముందే మాట్లాడుకోకపోతే ఆ పూట మీ కోసం వెలిగించరు. బయట పెట్టే చెక్క వేడినీళ్ల తొట్టికి దాదాపు ఎప్పుడూ విడిగా డబ్బు తీసుకుంటారు, తరచు 50 యూరోలు దాటుతుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, చివరి రోజు శుభ్రం చేసే రుసుము కూడా అద్దెలో ఉన్నాయో లేదో విడివిడిగా అడగండి. ఇవన్నీ కలిపితే ఒక రాత్రి అద్దెంత అవుతుంది.

కరెంటు గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. పాత పల్లె ఇళ్లకు మెయిన్ ఫ్యూజు చిన్నది ఉంటుంది. మూడు ఫేజుల్లో 16 ఆంపియర్లంటే మొత్తం కలిపి సుమారు 11 కిలోవాట్లే. కరెంటు సౌనా పొయ్యి ఒక్కటే 6 నుంచి 9 కిలోవాట్లు లాగుతుంది. సౌనా వెలుగుతుండగా ఎలక్ట్రిక్ స్టౌ మీద అన్నం పెట్టి, గదిలో హీటర్ వేస్తే ఇల్లంతా చీకటి. బావిలోంచి నీళ్లు తోడే మోటారుకూ అదే కరెంటు, కాబట్టి నీళ్లూ ఆగిపోతాయి. గాలివానకు చెట్టు తీగల మీద పడినా అంతే, మళ్లీ కరెంటు వచ్చేదాకా కుళాయిలో చుక్క రాదు. వెళ్లగానే రెండు బిందెలంత నీళ్లు పట్టి పెట్టుకోండి. ఫ్యూజు పెట్టె ఎక్కడుందో యజమానినే చూపించమనండి.

ఇక డబ్బు. జూన్ 23, 24 తేదీలు అక్కడ సెలవులు. 24న యానిపేవ్, వాళ్ల అతిపెద్ద వేసవి పండుగ. ముందురోజు రాత్రే మంటలు వేసి తెల్లవార్లూ గడుపుతారు. ఆ వారానికి ఇళ్లన్నీ చాలా ముందే నిండిపోతాయి. అలాంటి తేదీలకు చవగ్గా ఖాళీ ఇల్లు కనిపించిందంటే అనుమానించండి, దొంగ ప్రకటనలు ఇలాంటప్పుడే పుట్టుకొస్తాయి. బుకింగ్ సైట్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ "కార్డు మళ్లీ ధృవీకరించండి" అని లింకు పంపినా, "సైట్ బయట కడితే తగ్గిస్తా" అన్నా అక్కడితో ఆపేయండి.

నేరుగా యజమానికి కట్టాల్సి వస్తే రెండు పనులు చేయండి. ఒకటి, పేరు చివర "ఓయూ" (OÜ) అని ఉంటే అది కంపెనీ. ఆ పేరును ఎస్టోనియా ప్రభుత్వ వ్యాపార రిజిస్టరు "ఆరిరెగిస్తెర్"లో వెతకండి, కంపెనీ ప్రాథమిక వివరాలు ఉచితంగా కనిపిస్తాయి. బస నడిపేవాళ్లు ఆర్థిక కార్యకలాపాల రిజిస్టరులో కూడా నమోదు చేసుకోవాలి, అక్కడా చూడండి. రెండు, ఎస్టోనియా బ్యాంకు ఖాతా నంబరు EE అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలై, అంకెలతో కలిపి మొత్తం 20 ఉంటాయి. వేరే దేశం ఖాతా ఇచ్చినంత మాత్రాన మోసమని కాదు, కానీ కంపెనీ పేరు ఒకటి, ఖాతాదారు పేరు ఇంకొకటి ఉంటే మాత్రం కట్టొద్దు. మన బ్యాంకు నుంచి విదేశానికి ఒకసారి వైర్ వెళ్లాక వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. కార్డుతో కడితే కనీసం బ్యాంకు దగ్గర ఫిర్యాదు చేసే దారి ఉంటుంది.

వీసా కోసం బస వివరాలు చూపించాలి కాబట్టి కొందరు తొందరపడి రద్దు చేసుకోలేని బుకింగ్ చేసేస్తారు. వీసా చేతికి వచ్చేదాకా ఉచితంగా రద్దయ్యేదే తీసుకోండి. యూరప్‌లో ఆన్‌లైన్ కొనుగోలును 14 రోజుల్లో వద్దనుకునే హక్కు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. తేదీలు ఖాయం చేసుకున్న బసకు ఆ హక్కు వర్తించదు.

"తాలిన్ నుంచి గంట" అంటే కారులో గంట. పల్లె బస్సులు రోజుకు రెండో మూడో, శని ఆదివారాల్లో కొన్ని దారుల్లో అసలు ఉండవు. యాప్ టాక్సీలు ఊళ్లు దాటాక దొరుకుతాయన్న నమ్మకం లేదు. కారు తీసుకుంటే ఎడమ స్టీరింగు, కుడి పక్క నడపడం, పగలు కూడా లైట్లు వేసే ఉంచాలి. డిసెంబరు 1 నుంచి మార్చి 1 దాకా శీతాకాలపు టైర్లు తప్పనిసరి. చివరి ఐదారు కిలోమీటర్లు కంకర రోడ్డే అనుకోండి. టైర్లకు, అద్దాలకు, కారు అడుగుభాగానికి తగిలే దెబ్బలు మామూలు బీమాలో చాలాసార్లు ఉండవు. కంకర మీద ఎదురుబండి విసిరే రాయి తగిలేది సరిగ్గా వాటికే. సంజె వేళ దుప్పి అడ్డం వస్తుంది, వేగం తగ్గించండి. రాత్రి రోడ్డు పక్కన నడిస్తే బట్టలకు రిఫ్లెక్టర్ ఉండాలి, అది చట్టం.

సారెమా దీవికి వెళ్లేవాళ్లు విర్త్సు నుంచి కుయివాస్తుకు పడవ ఎక్కాలి, అరగంట లోపే దాటుతుంది. వేసవిలో శుక్రవారం సాయంత్రం దీవికి, ఆదివారం సాయంత్రం వెనక్కి కారు చోటు ముందే అయిపోతుంది. టికెట్ లేకపోతే మామూలు వరుసలో గంటలు నిలబడాలి. ఆదివారం రాత్రి విమానం ఉంటే ఆ ఒక్క పడవ తప్పితే అన్నీ తప్పినట్టే. హీయుమా దీవికైతే గంటంపావు ప్రయాణం, పడవలు ఇంకా తక్కువ.

చూడాల్సిన చోట్ల విషయంలో ఫొటో ఏ నెలలో తీశారో అదే ముఖ్యం. యగలా జలపాతం 8 మీటర్ల ఎత్తు, వసంతంలో మంచు కరిగినప్పుడు వెడల్పుగా దూకుతుంది. ఆగస్టులో వెళ్తే రాతి మీద నాలుగు ధారలు చూసి రావాలి. 30 మీటర్ల వలస్తె జలపాతం పరిస్థితీ అంతే. తుహలా మంత్రగత్తె బావి భూగర్భ నది పొంగినప్పుడే పైకి ఉబుకుతుంది, అది ఏడాదిలో కొద్ది రోజులే, కొన్ని ఏళ్లలో అసలు ఉండదు. సోమా నేషనల్ పార్కులో ఐదో ఋతువు అని చెప్పే వరద మార్చి చివర, ఏప్రిల్‌లో వస్తుంది. వరద నీళ్లలో అడవి మధ్య పడవ ప్రయాణం అని చూపించి జూలైకి బుకింగ్ తీసుకునేవాళ్లను "ఆ నెలలో నీటిమట్టం ఎంత" అని అడగండి.

చిత్తడి నేలల్లో చెక్క పలకల బాట మీంచి కిందికి దిగొద్దు. 1971లో ఏర్పడిన లాహెమా పార్కులోని విరు బాటకే మనవాళ్లు ఎక్కువ వెళ్తారు. పలకకు రెండు పక్కలా పచ్చటి మెత్తని పరుపులా నాచు కనిపిస్తుంది, కింద గట్టి నేల ఉందనిపిస్తుంది. కాలు పెడితే మోకాలిదాకా చల్లటి గోధుమరంగు నీళ్లలోకి దిగుతుంది, బూటు అక్కడే ఉండిపోతుంది. వాన పడ్డ పలక జారుతుంది, పిల్లల్ని పరిగెత్తనివ్వొద్దు.

అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేది పిడుదుల్ని. అక్కడి గడ్డిలో ఉండే పిడుదులు మెదడువాపు జబ్బునీ, లైమ్ జబ్బునీ అంటిస్తాయి. ఏప్రిల్ నుంచి శరదృతువు చివరిదాకా ఉంటాయి, సారెమాలో మరీ. ప్యాంటు చివర్లు మేజోళ్లలోకి దోపండి. రాత్రి పడుకునే ముందు మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక, పిల్లలకైతే జుట్టు మొదళ్లలో వెతకండి. కనిపిస్తే సన్నని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలి, నూనె పోయొద్దు. మెదడువాపుకు టీకా ఉంది. మొదటి రెండు డోసుల మధ్య వారాల ఎడం కావాలి కాబట్టి ప్రయాణం ముందురోజు గుర్తొస్తే లాభం లేదు.

ఆగ్నేయాన రష్యా సరిహద్దు పక్కనున్న సెతోమా వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. సాత్సె బూటు అనే చోట రోడ్డు కొద్ది దూరం రష్యా భూభాగంలోంచి సాగేది, ఆగకుండా దాటేసేవారు. పాత గైడుల్లో ఇదో వింతగా రాసి ఉంటుంది. 2025 అక్టోబరులో ఎస్టోనియా ఆ దారి మూసేసింది. సరిహద్దు స్తంభాల దగ్గర ఫొటోల కోసం గీత దాటడం నేరం, షెంగెన్ వీసా మీద వచ్చినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇంత చూసుకున్నా ఇల్లు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే, సంచులు విప్పకముందే తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. ఫోన్లో మాట్లాడి వదిలేయకుండా ఆ గంటలోనే యజమానికి రాతలో పంపండి. మూడు రాత్రులు పడుకుని చివర్లో చెప్తే ఎవరూ వినరు. వ్యాపార సంస్థ అయితే 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఆ జవాబు నచ్చకపోయినా ఎస్టోనియా వినియోగదారుల వివాదాల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఆ ఇల్లు ఒక వ్యక్తి సొంతంగా అద్దెకిచ్చిందైతే కమిషన్ ఆ కేసు తీసుకోదు. పేరు చివర ఓయూ ఉందా లేదా అని మొదట్లోనే చూసుకోమన్నది ఇందుకు కూడా.